"మా అమ్మ తాగదు సిస్టర్": వృద్ధాశ్రమంలో ఒక అవ్వ రెండుసార్లు పడిన కేసు

నేను జనరల్ ఫిజీషియన్‌ని. పాలమూరు జిల్లాలో ఒక పట్టణం అంచున ఉన్న వృద్ధాశ్రమానికి మంగళ, శుక్రవారాల్లో వెళ్తుంటాను. అక్కడ జరిగిన ఒక కేసు ఇది. రాయడానికి అవ్వా, ఆమె కొడుకూ ఒప్పుకున్నారు. ఊరు, వయసు, ఇంటి వివరాలు కొన్ని మార్చాను. మందులు, రోజుల వరుస, మా తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాస్తున్నాను.

నేపథ్యం

అప్పటికి ఆశ్రమంలో 36 మంది ఉన్నారు. పగలు ఒక సిస్టర్, నలుగురు ఆయాలు ఉంటారు. రాత్రి ఎనిమిది దాటితే ఇద్దరు ఆయాలే. సిస్టర్ ఇంటికి వెళ్లిపోతుంది, అవసరమైతే ఫోన్ చేస్తారు. ఆ ఇద్దరిలో ఒకరు మగవాళ్ల వైపు, ఒకరు ఆడవాళ్ల వైపు. ఒకరికి పక్క మార్చాల్సి వస్తే రెండో ఆమె కూడా అక్కడికే రావాలి. అంతసేపు ఇంకో వైపు ఎవరూ ఉండరు. ఇది అందరికీ తెలిసిన విషయమే. జీతాల మాట వస్తుందని ఎవరూ ఎత్తరు.

అవ్వకు డెబ్బై దాటాయి. భర్త ఉన్నన్నాళ్లు ఇద్దరూ మేస్త్రీ వెంట బొంబాయి, పుణె దాకా పోయి మట్టిపని చేశారు. పాలమూరు లేబర్ అంటే ఏమిటో ఆమె అరచేతులు చూస్తే తెలుస్తుంది. భర్త పోయాక ఏడెనిమిదేళ్లుగా ఊళ్లో ఒక్కతే ఉండేది. రెండు మోకాళ్లూ అరిగాయి. ఒక కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. బీపీకి రోజూ ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. నెలనెలా 2,016 రూపాయల పింఛను తానే వెళ్లి తెచ్చుకునేది. కొడుకు హైదరాబాదులో సెంట్రింగ్ పని చేస్తాడు, ఒకటే గది, ఇద్దరు పిల్లలు. దీపావళి వెళ్లిన వారం సోమవారం పొద్దున ఆమెను మా దగ్గర చేర్చి, సాయంత్రం బస్సుకు తిరిగి వెళ్లిపోయాడు.

చేర్చుకునేటప్పుడు నింపే ఫారం ఒక కాగితమే, రెండు వైపులా. వెనక వైపు 'అలవాట్లు' అని ఒక గడి ఉంటుంది. పొగ, మద్యం, గుట్కా. సిస్టర్ అడిగింది. కొడుకు చెప్పాడు, "మా అమ్మ తాగదు సిస్టర్. ఆకు వక్క నములుతది, అంతే." గడిలో 'లేదు' అని పడింది. ఆ కాగితం మీద మర్నాడు నేను సంతకం పెట్టాను. చూడకుండా పెట్టలేదు, చూసే పెట్టాను. డెబ్బై దాటిన ఆడమనిషి ఫారంలో ఆ గడికి 'లేదు' అని ఉంటే ఇంకో మాట అడగాలని నాకు తట్టలేదు.

మొదటి నాలుగు రోజులు

సోమవారం బాగానే ఉంది. వంటింట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరింది. ఎవరి మంచం ఎక్కడుందో సాయంత్రానికల్లా చెప్పగలిగింది. తర్వాత మాకు పనికొచ్చింది ఈ సంగతే. సోమవారం ఆమె బుర్ర చురుగ్గా ఉందని చెప్పడానికి సాక్షులున్నారు.

మంగళవారం నేను చూసేసరికి రాత్రంతా నిద్ర పట్టలేదంది. బీపీ 150/94, నాడి 100. స్టీలు గ్లాసులో చాయ ఇస్తే రెండు చేతులతో పట్టుకుంది. అయినా పైన తొణికి చీర మీద పడింది. కొత్త చోటు, కొడుకు వదిలి వెళ్లాడన్న బెంగ, పైగా మాత్ర ఒక పూట తప్పింది. నాకు కారణాలు వెంటనే దొరికాయి. అంత తేలిగ్గా దొరికినందుకే అనుమానించాల్సింది.

బుధవారం తిండి ముట్టలేదు. ఒళ్లంతా చెమటలు. రాత్రి పదకొండు దాటాక మంచం మీద కూర్చుని దుప్పటి మీద లేనిదేదో ఏరుతూ ఉంది. "మేకలు చేన్ల వడ్డయి, కొట్టుండ్రి" అని పక్క మంచాల వాళ్లను లేపింది. గురువారం తెల్లవారుజామున రెండు గంటలకు బాత్రూం గుమ్మం దగ్గర పడింది. నుదురు చిట్లింది.

ప్రమాదాల రిజిస్టర్లో రాసింది ఇది: 'బాత్రూంలో జారి పడింది.' నేను పాత పేజీలు కూడా తిప్పి చూశాను. ఆ ఏడాది పడినవాళ్లంతా జారే పడ్డారు. పొద్దున వెళ్లి ఆ గుమ్మం దగ్గర చెప్పులు విప్పి నిలబడ్డాను. నేల గరుకుగా, పొడిగా ఉంది. రాత్రి నీళ్లేమైనా ఉన్నాయా అని ఆయాను అడిగితే, "లేవు సారూ, అట్ల రాయమన్నరు" అంది. ఎవరు రాయమన్నారని నేను అడగలేదు. జారి పడింది అంటే నేలదే తప్పు అవుతుంది, మనుషులకు మాట రాదు. కానీ ఆ మాట రాసిన చోటే విచారణ ఆగిపోతుంది. ఆ వేళకు ఎందుకు లేచింది, ఎటు వెళ్తోంది, లేచే ముందు ఎలా ఉంది అన్నవి ఇక ఎవరికీ అక్కర్లేదు.

గురువారం నేను ఆలోచించిన తీరు

గురువారం నా రోజు కాకపోయినా వెళ్లాను. నుదుటికి మూడు కుట్లు వేశాను. మేనేజర్ అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చేశాడు. "ముసలితనం మతిమరుపు సార్. కొడుకు దాచిపెట్టి చేర్చిండు."

నేను ఒప్పుకోలేదు. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్ల మీద వస్తుంది. సోమవారం మంచాల లెక్క చెప్పిన మనిషి గురువారానికి మేకలను అదిలిస్తోందంటే అది డెలిరియం, అంటే ఉన్నట్టుండి వచ్చిన సంధి. దీన్ని పట్టుకోవడానికి నేను వాడే పద్ధతి ఒకటుంది. చదువు రానివాళ్లకూ పనికొస్తుంది. వారాలను వెనక నుంచి చెప్పమంటాను. అవ్వ "ఐతారం, శనారం, శుక్కురారం" దాకా వచ్చి, బేస్తారం దగ్గర ఆగిపోయి, నా చొక్కా గుండీ వైపు చూస్తూ కూర్చుంది. మళ్లీ అడిగితే మొదటి నుంచి ఎత్తుకుని, శనారం దగ్గరే ఆగింది. జ్ఞాపకం లేకపోవడం వేరు, దృష్టి నిలవకపోవడం వేరు. ఇక్కడ లోపం రెండోది.

సంధి అనుకున్నాక కారణాల చిట్టా తిప్పాలి. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉందా? మూత్రం ఆగిందా, మలబద్ధకమా? సోడియం తగ్గిందా? షుగర్? ఆక్సిజన్? కొత్త మందులేమైనా పడ్డాయా? ఏదైనా అలవాటు ఉన్నట్టుండి ఆగిందా? వేలిమొన షుగర్ 118, ఆక్సిజన్ 97, జ్వరం లేదు, పొత్తికడుపు మెత్తగానే ఉంది. చివరి ప్రశ్న దగ్గర ఫారం తెప్పించి చూశాను. 'లేదు' అని ఉంది. ఆ కారణాన్ని కొట్టేశాను.

ఇక మిగిలింది మూత్రం. స్ట్రిప్ పరీక్షలో చీము కణాలు కనిపించాయి. వృద్ధుల్లో, అందులోనూ ఆడవాళ్లలో, ఏ బాధా లేకుండానే మూత్రంలో బాక్టీరియా, చీము కణాలు కనిపించడం మామూలే. అది నాకు తెలుసు. మంట లేదు, జ్వరం లేదు. అయినా చేతికి ఏదో ఒకటి చిక్కిందన్న ఊరటతో యాంటీబయాటిక్ రాశాను.

ఇంకో తప్పు కూడా అప్పుడే జరిగింది. గందరగోళంలో ఉన్న పెద్దమనిషి తలకు దెబ్బ తగిలితే సీటీ స్కాన్ వాయిదా వేయకూడదు. అంబులెన్సు, కొడుకు రావడం, వెంట ఎవరు వెళ్తారన్న తర్జనభర్జన, అన్నీ కలిసి రేపు పొద్దున పంపిద్దామనుకున్నాం. ఆ ఒక్క రాత్రి ఖరీదు మర్నాడు తెలిసింది.

ఆ రాత్రి చేసినవి, బెడిసినవి

పడకుండా చూడాలి అన్నదొక్కటే అందరి మనసులో ఉంది. అందుకని మూడు పనులు చేశాం.

మొదటిది, ఆమెను కటకటాలున్న ఇనుప మంచానికి మార్చడం. అవ్వ జీవితమంతా నులక మంచం మీదో, చాప మీదో పడుకుంది. నడుం ఎత్తున్న మంచం ఎక్కించి, రెండు వైపులా కటకటాలు లేపాం. రాత్రి పదకొండున్నరకు ఆమె వాటిని ఎక్కి అవతలికి దిగబోయింది. మొదటిసారి నిలబడ్డ ఎత్తు నుంచి పడితే, రెండోసారి కటకటాల ఎత్తు నుంచి పడింది. తుంటి విరగకపోవడం మా అదృష్టం.

రెండోది, హాలోపెరిడాల్. రాత్రి తొమ్మిదింటికి ఫోన్ వస్తే చిన్న డోసు ఇమ్మన్నాను. సంధిలో మనిషి తనకు గానీ పక్కవాళ్లకు గానీ హాని చేసుకునేంత అలజడిగా ఉంటే వాడే మందే. కానీ అలవాటైన మత్తు ఆగిపోవడం వల్ల వచ్చిన సంధి అయితే ఇది లోపలి జబ్బును ముట్టుకోదు, పైగా ఫిట్స్ వచ్చే అవకాశాన్ని పెంచుతుంది. ఆ తేడా తెలిసి కూడా ఇచ్చాను. కారణాన్ని పొద్దునే కొట్టేశాను కదా.

మూడోది నేను చెప్పింది కాదు. కానీ మా కప్పు కిందే జరిగింది కాబట్టి నాది కాదని అనలేను. రెండోసారి పడ్డాక ఆయాలు ఆమె రెండో చీరను చింపి, మణికట్లను మంచం పట్టెకు కట్టేశారు. శుక్రవారం పొద్దున వెళ్లి చూశాను. వేసింది లాగితే బిగిసే ముడి, పశువుకు వేసేది. మణికట్టు లోపలి వైపు చర్మం ఎర్రగా కమిలి, ఒకచోట పొర లేచింది. పక్క తడిసి ఉంది. బల్ల మీద నీళ్ల చెంబు నిండుగా ఉంది. రాత్రి చేతులు కట్టేసి ఉంటే తాగేదెట్లా?

ఆ ఆయాను నేను కోప్పడ్డాను. ఆమె తల దించుకోలేదు. "కట్టకపోతే పడి సచ్చిపోతె మమ్మల్నే అంటరు సారూ. ఇరవై మందికి నేనొక్కదాన్ని." దీనికి నా దగ్గర జవాబు లేదు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 మానసిక చికిత్సా కేంద్రాలకే గట్టి షరతులు పెట్టింది. గొలుసులతో కట్టడం పూర్తిగా నిషేధం. వేరే దారి లేక కట్టాల్సి వచ్చినా సైకియాట్రిస్టు అనుమతి ఉండాలి, కారణం రాసిపెట్టాలి. అలాంటి చోటే అంత పట్టింపు ఉంటే, మా ఆశ్రమంలో ఒక్క వాక్యం కూడా రాసి లేదు. కట్టొద్దని లేదు, కట్టకుండా ఏం చేయాలో అసలే లేదు.

నేను చేరేలోపే, తెల్లవారుజామున ఐదింటికి ఆమెకు ఫిట్స్ వచ్చాయి. చేతులు కట్టి ఉండగానే. రెండు నిమిషాలుండి ఆగిపోయాయని ఆయా చెప్పింది. ముడి విప్పి పక్కకు తిప్పి పడుకోబెట్టింది కూడా ఆమే. అది రిజిస్టర్లో రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను.

యారాలు చెప్పిన మాట

పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. సీటీలో రక్తస్రావం లేదు. సోడియం కొద్దిగా తక్కువే గానీ ఫిట్స్ తెప్పించేంత కాదు. మధ్యాహ్నానికి కొడుకు వచ్చాడు. వెంట అవ్వ యారాలిని, అంటే తోడికోడలిని, ఊరి నుంచి తీసుకొచ్చాడు. ఆమె మంచం పక్కన నిలబడి అవ్వ చేతులు వణకడం కాసేపు చూసి, మాకెవరికీ కాకుండా తనలో తానే అన్నట్టు అంది.

"కల్లు బందయింది గద. గిట్లనే అయితది."

నేను కొడుకు వైపు తిరిగాను. తాగదన్నావు కదయ్యా? అతను నిజంగానే తెల్లబోయాడు. "కల్లు తాగుడెట్లయితది సార్? తాగుడంటే బ్రాందీ, సారా. కల్లు మా దిక్కు అందరు తాగుతరు."

అతను అబద్ధం చెప్పలేదు, సిస్టర్ తప్పుగా రాయలేదు. ఫారంలో 'మద్యం' అని ఉంది. ఆ మాటలో కల్లు ఉందని మేం అనుకున్నాం, వాళ్లు అనుకోలేదు. నాలుగు రోజులు ఆ గడి చుట్టూనే తిరిగి, దాన్ని రుజువు కింద వాడుకున్నది నేను.

యారాలిని పక్కన కూర్చోబెట్టి అడిగాను. పొద్దుగూకాల రోజూ రెండు సీసలు. పండుగయితే మూడు. భర్త పోయిన కాడి నుంచి ఒక్క రోజు తప్పలేదు. ఆఖరుగా తాగింది ఐతారం సాయంత్రం. వేళ్ల మీద లెక్కేశాను. మంగళవారం వణుకు, బుధవారం రాత్రి లేనివి కనబడటం, శుక్రవారం తెల్లారి ఫిట్స్. వరుస సరిగ్గా కూర్చుంది.

ఒకటి మాత్రం కూర్చోలేదు. చెట్టు నుంచి దింపిన కల్లులో ఆల్కహాల్ తక్కువ. రెండు సీసలు ఆగితే ఇంత ఉపద్రవమా? ఆ ముక్క కూడా యారాలే అందించింది. "చెట్టు కల్లుకు ఇట్ల గాదు సారూ. ఆ దుకాణం కల్లుకే. రెండొద్దులు తాగకుంటె నిద్రుండది, చేతులు ఆగయి. మా మామకు గూడ ఇట్లనే అయింది." మా వైపు డాక్టర్లకు ఇది కొత్త కథ కాదు. చెట్లు చాలని చోట నీళ్లు, పంచదార, శాకరిన్‌తో కల్లు తయారు చేసి, కైపు కోసం అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు కలుపుతారు. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజు దాడులు పెరిగినప్పుడు పాలమూరులోనూ, నిజామాబాద్ వైపూ కల్లు దొరక్క, వణుకుతో, పిచ్చి చూపులతో, ఫిట్స్‌తో జనం ఆసుపత్రులకు వచ్చారు. పత్రికల్లో రోజూ వచ్చింది. నాకు తెలియనిది కాదు. కానీ నా మనసులో ఆ బొమ్మ నలభై ఏళ్ల మగమనిషిది. కొంగు నిండా కప్పుకుని, బియ్యం ఏరే అవ్వ అందులో లేదు.

చికిత్స, అందులో తడబాట్లు

అల్ప్రాజోలం లాంటిది కలిసిందని రుజువు లేదు. పరీక్షించే వీలు దగ్గర్లో లేదు, దాని కోసం ఆగే టైమూ లేదు. ఆసుపత్రి డాక్టరూ నేనూ మాట్లాడుకుని, అనుమానం మీదే వైద్యం మొదలుపెట్టాలనుకున్నాం. ఆగిన మత్తుకు అదే జాతి మందు ఇచ్చి, తర్వాత మెల్లగా దించాలి. డైజెపామ్ ముసలివాళ్ల ఒంట్లో రోజుల తరబడి పేరుకుంటుంది. లోరాజెపామ్‌ను కాలేయం కొంత తేలిగ్గా అరగదీస్తుంది. కాబట్టి లోరాజెపామ్ 1 మిల్లీగ్రాము, రోజుకు మూడుసార్లు. దాంతోపాటు థయమిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్, అదీ గ్లూకోజు సెలైన్ పెట్టకముందే. నాలుగు రోజులుగా సరిగా తినని, తాగుడు అలవాటున్న మనిషికి థయమిన్ లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే మెదడుకే ఎసరు రావచ్చు. హాలోపెరిడాల్ ఆపేశాం. మూత్రం కల్చర్‌లో పట్టించుకోవాల్సిందేమీ రాకపోవడంతో యాంటీబయాటిక్ కూడా ఆపేశాం.

శనివారం మధ్యాహ్నానికి చేతులు ఆగాయి. ఆదివారం వారాలు వెనక నుంచి చెప్పమంటే తడబడకుండా చెప్పి, "చిన్నపిల్లనా నేను, లెక్కలడుగుతవ్?" అంది.

ఆరో రోజు డిశ్చార్జి అయింది. వెనక్కి చేర్చుకోవడానికి మేనేజర్ ఒప్పుకోలేదు. తాగుబోతులను చేర్చుకోకూడదన్న నియమం ఉందన్నాడు. నేను చెప్పింది ఇదే. ఆమె కొన్నది కల్లు, అందులో మత్తు మాత్ర కలిపింది వేరేవాళ్లు. ఇప్పుడు ఆమె ఆ మందుకు అలవాటు పడ్డ రోగి, మనం దించాల్సిన బాధ్యత ఉన్న మనిషి. బయటికి పంపితే సాయంత్రానికి ఆ దుకాణంలోనే ఉంటుంది. చివరికి నా మాటకంటే, కట్టేసిన సంగతి కొడుకు బయట చెబుతాడేమోనన్న భయమే ఎక్కువ పనిచేసిందనుకుంటాను.

పది రోజుల్లో మందు పూర్తిగా ఆపాలని డిశ్చార్జి కాగితం. ఏడో రోజుకు మళ్లీ నిద్ర పట్టలేదు, గ్లాసు మళ్లీ తొణికింది. ఏడెనిమిదేళ్ల అలవాటు పది రోజుల్లో దిగుతుందనుకోవడం మా తొందర. ఒక మెట్టు వెనక్కి పెంచి, ఐదారు రోజులకొకసారి పావు వంతు చొప్పున తగ్గిస్తూ వచ్చాం. మొత్తం ఆరు వారాలు పట్టింది. చివరి సగం మాత్ర మానడానికే పది రోజులు.

మధ్యలో ఒక శుక్రవారం మాత్రలు లెక్కపెడితే రెండు తక్కువ. అవ్వ రాత్రి లేచి తిరుగుతోందని ఆయా తనంతట తానే ఇంకో సగం చొప్పున వేసింది. కట్టొద్దన్నారు కదా, మాత్రతో కట్టేసింది. తప్పు పట్టాలో, పాపం అనాలో తెలియలేదు. ఆ రోజు నుంచి ఏ పూట మాత్ర ఆ పూటకు చిన్న కాగితం పొట్లంలో కట్టి, పైన వారం, పూట సిస్టర్ రాసి పెడుతుంది. రాత్రికి ఒక్క పొట్లమే బయట ఉంటుంది. మిగతావి బీరువాలో.

రాత్రులు ఎలా మారాయి

ఇనుప మంచం తీసేసి, పొట్టి కాళ్ల నవారు మంచం వేశాం. కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, అదే కొలత. పక్కన కమోడ్ కుర్చీ, గోడకు చిన్న లైటు. ఏ వేళకు లేస్తోందో ఆయాలు నాలుగు రాత్రులు రాశారు. పదిన్నర, రెండు, నాలుగు. రెండు గంటలకు లేవకుండా ఎవరూ చేయలేరు. కాబట్టి ఆమె లేచే ముందే, ఒంటిగంటన్నరకు, ఆయా వెళ్లి పలకరించి తీసుకెళ్తుంది. ఇరవై మందిలో ఒక్కరికి ఇది కుదురుతుందా అంటే కుదిరింది. పడితే ఎత్తి, కట్టు కట్టి, ఫోన్లు చేసే పని కన్నా ఇది తక్కువే.

అసలు కష్టం సాయంత్రాలది. ఐదు దాటితే అవ్వ గేటు దగ్గరికి వెళ్లి నిలబడేది. మందు వణుకును ఆపింది గానీ ఆ వేళను ఆపలేదు. ఒకరోజు పక్కన కూర్చుని కల్లులో ఏముంటుందని అడిగాను. "కల్లు తాగితె మోకాళ్లు యాదికి రావు సారూ. ఇగ ఆడ నలుగురుంటరు. ఇంట్ల ఎవలున్నరు?" ఫారంలో 'మోకాళ్ల నొప్పి' అని రాసి, నొప్పి వేస్తే మాత్ర ఇవ్వమన్నాం. ఆమె ఎప్పుడూ అడగలేదు కాబట్టి ఎవరూ ఇవ్వలేదు. పారాసిటమాల్ 650 వేళకు ఇవ్వడం మొదలుపెట్టాం, మూడో డోసు సరిగ్గా సాయంత్రం ఐదింటికి. నలుగురి సంగతి మాత్రం మాత్రతో తీరదు. వంటామె రేపటి కూరగాయలు తరిగే పనిని ఐదున్నరకు అరుగు మీదికి మార్చింది. అవ్వా, ఇంకో ముగ్గురూ అక్కడ చేరతారు. వాళ్లకు మజ్జిగ ఇస్తారు. మొదటిరోజు మజ్జిగ గ్లాసు చూసి అవ్వ, "దీన్ని సూసి కల్లు నవ్వుతది" అంది. తాగింది మాత్రం.

మార్చిన ఫారం

ఇప్పుడు మా ఫారంలో 'మద్యం' అన్న మాట లేదు. ఆడా మగా తేడా లేకుండా అందరినీ ఇలా అడుగుతాం. సాయంత్రం పూట కల్లుకు పోతరా? ఎన్ని సీసలు? చెట్టు కిందనా, దుకాణంలనా? ఒక రోజు లేకుంటె ఎట్లుంటది? నిద్రకు మాత్ర ఏమన్న వేసుకుంటరా? ఆఖరుగా ఎప్పుడు? అన్నిటికన్నా 'లేకుంటె ఎట్లుంటది' అన్న ప్రశ్నకే మంచి జవాబులు వస్తున్నాయి. తాగుతానని చెప్పడానికి సంకోచించేవాళ్లు కూడా నిద్ర పట్టదని చెప్పడానికి సంకోచించరు. కొడుకుతోపాటు ఊళ్లో రోజూ చూసే మనిషి ఒకరి ఫోన్ నంబరు కూడా తీసుకుంటున్నాం. పట్నంలో ఉండే కొడుక్కు అమ్మ సాయంత్రాలు తెలియవు.

అవునని చెప్పినవాళ్లను చేర్చుకోం అనడం లేదు. మొదటి వారం రోజులు నాడి, బీపీ, గ్లాసు పట్టుకునే తీరు పూటపూటకూ రాస్తాం. వణుకు మొదలైతే వెంటనే నాకు ఫోన్. ఫిట్స్ గానీ, లేనివి కనబడటం గానీ ఉంటే ఆసుపత్రికే, ఆశ్రమంలో వైద్యం చేయం. మామూలుగా మాత్రలతో కల్లు మాన్పించే పని కూడా ఇక్కడ మొదలుపెట్టం. రాత్రి సిస్టర్ లేని చోట అది ప్రమాదం.

ఉన్నవాళ్లందరినీ ఇదే వరసలో మళ్లీ అడిగాం. కొందరు తాము చేరిన మొదటి వారం గుర్తు చేసుకున్నారు. వాళ్లలో ఒక తాతకు అప్పట్లో 'మతిమరుపు' అని రాసి, రాత్రి మాత్ర పెట్టి, రెండేళ్లుగా అదే ఇస్తున్నాం. రాసింది నేనే. ఇప్పుడు ఆ మాత్ర దించే పనిలో ఉన్నాను.

రిజిస్టర్లో 'జారి పడింది' అని రాయడం మానేశాం. పడక ముందు ఏం చేస్తున్నారు, ఎటు వెళ్తున్నారు, మంచం ఎత్తు ఎంత, ఆ రోజు ఏ మందు కొత్తగా పడింది అని నాలుగు గడులు గీశాం. మొదట్లో 'తెలియదు' అని నింపేవారు. తెలియదన్నదైనా నిజమే కదా అని వదిలేశాను. నెల తిరిగేసరికి ఒక ఆయా, 'టీవీ కాడికెళ్లి వస్తుంటె చీర కాలికి తట్టుకుంది' అని రాసింది. కట్టడం మీద కూడా ఒక కాగితం అంటించాం. మనిషిని కట్టకూడదు. కట్టాలనిపిస్తే ఆ క్షణమే సిస్టర్‌కు, నాకు ఫోన్ చేయాలి, ఏ వేళయినా సరే. పడిపోయినా ఆయాల మీద మాట రాదని మేనేజర్ చేత కింద సంతకం పెట్టించాను. దానికే రెండు వారాలు పట్టింది. రాత్రికి మూడో ఆయా కావాలని అడిగింది మాత్రం ఇంకా అడిగినట్టే ఉంది.

సంక్రాంతి

మందు పూర్తిగా ఆగిన కొన్ని వారాలకు సంక్రాంతి వచ్చింది. అవ్వ ఊరికి పోతానంది. మేనేజర్ వద్దన్నాడు. నాకూ భయంగానే ఉంది. అలవాటు పోయిన ఒంటికి పాత కొలత పడితే మత్తు ఎక్కువై ఊపిరే మందగించవచ్చు. వరసగా నాలుగు రోజులు తాగి వస్తే కథ మళ్లీ మొదటికి రావచ్చు. కానీ ఆమె ఖైదీ కాదు. గేటుకు తాళం వేయడం అంటే అదీ ఒక రకం చీర ముడే. యారాలికి ఫోన్ చేసి విషయమంతా చెప్పాను. ఆ దుకాణం వద్దు, చెట్టు కల్లయినా మానితే మంచిది, తాగితే మాత్రం నాకు దాచొద్దు అన్నాను. అవ్వకు కూడా ఇవే మాటలు చెప్పి పంపాం.

కనుమ వెళ్లిన మర్నాడు తిరిగి వచ్చింది. కొంగులో సకినాలు కట్టుకొచ్చి సిస్టర్‌కు, ఆయాలకు పంచింది. తనను కట్టేసిన ఆయాకు కూడా ఇచ్చింది. నేను ఫారంలోని ప్రశ్నే అడిగాను. ఎన్ని సీసలు?

"ఒక్కటి. బోగి నాడు. చెట్టు కాడ." కాసేపాగి, "సగం యారాలే తాగింది" అంది.

మూడు రాత్రులు నాడి చూడమని సిస్టర్‌కు చెప్పాను. 84, 80, 82. మూడో పొద్దున చాయ గ్లాసు ఒక్క చేత్తోనే అందుకుంది.